పాత నిఘంటువులు సెకండ్ హ్యాండ్‌లో కొనడం ఎలా: వెతుకులాట నుంచి అలమర దాకా

ఆదివారం ఉదయం పదింటికి ఫోన్ మోగిందంటే నాకు విషయం తెలిసిపోతుంది. ఎవరో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నిఘంటువు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటారు. "కొననా, వద్దా?" అన్నదే ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కలు చెప్పగలను గానీ, అసలు చూడాల్సినవి పది పదిహేను ఉన్నాయి. అడిగినవాళ్లందరికీ కలిపి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

నేను చెప్పేది ముఖ్యంగా తెలుగు నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, పదకోశాల గురించి. కథల పుస్తకంలో రెండు పేజీలు పోతే రెండు పేజీలే పోయినట్టు. నిఘంటువులో ఒక్క ఫారం (ఒకే కాగితంగా అచ్చేసి మడిచి కుట్టే పేజీల కట్ట) పోతే రేపు మీరు వెతికే మాట అందులోనే ఉంటుంది. అందుకే వీటిని కొనే పద్ధతి వేరు.

## 1. ఏ పనికి కొంటున్నారో ముందు రాసుకోండి

"మంచి నిఘంటువు ఏది?" అంటే జవాబు లేదు. ఏ పనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రబంధాలు, పురాణాలు చదివేవారికి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) చాలావరకు సరిపోతుంది. ఒకే సంపుటం, చేతికి అందుబాటుగా ఉంటుంది. కవి ప్రయోగాలు ఇంకా కావాలనుకుంటే సూర్యరాయాంధ్ర నిఘంటువు. అది 8 సంపుటాలు, మొదటిది 1936లో వచ్చింది. ఈ రెండూ గ్రాంథిక భాషకు కట్టుబడినవి. మీ అమ్మమ్మ మాట్లాడే మాట వీటిలో కనబడకపోతే తప్పు మీది కాదు.

జనం నోట్లోని మాటలకు బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు (1852) ఇప్పటికీ పనికొస్తుంది. కచేరీ (పాతకాలపు సర్కారు కార్యాలయం) కాగితాలు, పాత దస్తావేజులు చదివేవారు ఆయనదే మిశ్రభాషా నిఘంటువు (1854) కూడా వెతకండి. ఉర్దూ, పారశీకం నుంచి వచ్చిన మాటలు అందులో ఉంటాయి. ఇప్పటి వాడుకకు జె.పి.ఎల్. గ్విన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు (1991).

వృత్తుల మాటలు కావాలా? ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశం చూడండి. భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన మొదటి సంపుటం వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. తర్వాత చేనేత మీద కూడా వేశారు. ఇవి పాత పుస్తకాల కుప్పలో బక్కపలచగా, అట్ట మాసిపోయి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. నా మటుకు కనబడితే ముందు తీసుకునేవి ఇవే.

ఒక హెచ్చరిక. వైద్యం, చట్టం, పన్నులు, భూగోళం మీది పాత రిఫరెన్స్ పుస్తకాలను ఆ కాలం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మాత్రమే కొనండి. వాటిలోని మోతాదులు, సెక్షన్లు ఇవాళ పాటించకూడదు.

## 2. ఇంట్లో చేసుకోవాల్సిన సన్నాహం

మొదట ఆ పుస్తకం స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉందేమో చూడండి. పాత తెలుగు నిఘంటువులు చాలా అక్కడ ఉన్నాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో అయితే ఎన్నో నిఘంటువుల్లో ఒకేసారి వెతకొచ్చు. ఉచితంగా దొరికేదాన్ని కొనడం ఎందుకు అంటారా? వెబ్‌సైటులో మీరు అడిగిన మాటే వస్తుంది. పుస్తకంలో దాని పైన, కింద ఉన్న మాటలూ కంట పడతాయి. ఆ ఇరుగుపొరుగు మాటల కోసమే నేను కొంటాను. పైగా స్కాన్ ముందే చూసి ఉంటే పూర్తి ప్రతిలో చివరి పేజీ నంబరు ఎంతో, అనుబంధాలు ఉన్నాయో లేవో తెలిసిపోతుంది. అది రాసుకుని వెళ్తే సగం తనిఖీ ఇంట్లోనే అయిపోయినట్టు.

రెండోది, పరీక్ష మాటలు. మీకు బాగా తెలిసిన మాటలు ఐదు ఎంచుకోండి. నావి ఇవి: గొర్రు, జడ్డిగం, దస్తావేజు, ఊడిగం, పొద్దుగుంకు. ఒకటి పొలానిది (విత్తనాలు వేసే పనిముట్టు), ఒకటి ఆ పనిముట్టు భాగం, ఒకటి కచేరీది, ఒకటి పాతబడ్డది, ఒకటి క్రియ. తెలియని మాటతో నిఘంటువును పరీక్షించలేం. తెలిసిన మాటకు అది ఏం చెబుతుందో చూస్తేనే దాని లోతు తెలుస్తుంది.

సంచిలో ఉండాల్సినవి:

• మీ దగ్గర ఉన్న సంపుటాల జాబితా, కావలసినవాటి జాబితా (ఫోన్లో కాదు, కాగితం మీద)
• పెన్సిలు, చిన్న టార్చి, భూతద్దం
• మెత్తటి పొడి గుడ్డ, మాస్కు
• గట్టి అడుగున్న గుడ్డ సంచి. నిఘంటువు బరువుకు ప్లాస్టిక్ కవరు దారిలోనే తెగుతుంది
• చిల్లర నోట్లు

## 3. ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం బజారు. షాపులు మూసి ఉండగా వాటి ముందు ఫుట్‌పాత్ మీద పరుస్తారు. తొమ్మిది, పది మధ్య వెళ్లండి. మూటలు అప్పుడే విప్పుతుంటారు, ఎండ ఇంకా ముదరదు. కోఠిలో మిగతా రోజుల్లోనూ కొట్లు ఉంటాయి గానీ పోటీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ. అడుగున ఉన్న దొంతర అడిగి తీయించుకోవాలి.

విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల కొట్లు. అక్కడి వాళ్లకు తెలుగు పుస్తకం విలువ బాగా తెలుసు. బేరం తక్కువ, సరుకు మేలు. "ఫలానా సంపుటం వస్తే చెప్పండి" అని చీటీ ఇచ్చి రావచ్చు, గుర్తు పెట్టుకుంటారు. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవానికి వెళ్లేవారు ఒక పూట ఈ కొట్లకు కేటాయించుకోండి.

చెన్నైలో ఉండే తెలుగువారికి ఒక మేలుంది. వావిళ్లవారితో సహా తెలుగు అచ్చు చాలాకాలం మద్రాసులోనే నడిచింది కాబట్టి, పాత తెలుగు ఇళ్లు ఖాళీ అయినప్పుడు అక్కడ మంచి ప్రతులు బయటికొస్తాయి.

ఇవన్నీ కాక, మీ ఊళ్లో పాత పేపర్ల కొట్టు. తూకానికి కొన్న పుస్తకాలు అక్కడి నుంచి గుజ్జుకు పోతాయి. కొట్టతనికి మీ నంబరు ఇచ్చి, లావుపాటి తెలుగు పుస్తకం ఏదొచ్చినా ఒక్క రోజు పక్కన పెట్టమని చెప్పండి. కిలో లెక్క కంటే నాలుగు రూపాయలు ఎక్కువిస్తే తప్పకుండా పెడతారు.

## 4. చేతికి తీసుకున్నాక: పది నిమిషాల తనిఖీ

ఈ భాగం మాత్రం తొందరపడకుండా చదవండి. ఇక్కడ చెప్పే వరుసలోనే చేయండి.

మొదట వాసన. పాత కాగితం వాసన వేరు, బూజు వాసన వేరు. తడి గోడ కంపు కొట్టినా, పేజీల మీద తెల్లగానో పచ్చగానో నూగు కనిపించినా కింద పెట్టేయండి. ఎంత అరుదైనదైనా సరే. ఆ బూజు మీ అలమరలో మిగతావాటికి అంటుకుంటుంది.

తర్వాత వెన్ను. పుస్తకాన్ని అరచేతిలో వెల్లకిలా పెట్టి మధ్యకు తెరవండి. కుట్టు దారం కనిపించాలి. బైండరు పక్క నుంచి కుట్టేసి ఉంటే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, లోపలి అంచు మాటలు మడతలో కూరుకుపోతాయి. రెండు నిలువు వరుసల్లో అచ్చైన నిఘంటువుకు ఇది పెద్ద లోపం.

ఆ తర్వాత పురుగు. సన్నటి గుండ్రటి బెజ్జాలు ఉంటే పాత పురుగా, కొత్త పురుగా చూడాలి. పుస్తకాన్ని తెల్లకాగితం మీద తట్టండి. మెత్తటి పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. మట్టి గీతలు ఉంటే చెదలు పట్టిన పుస్తకం.

ఇక ఫారాలు లెక్కపెట్టడం. చాలామంది వదిలేసేది ఇదే. పాత పుస్తకాలు 8 లేదా 16 పేజీల ఫారాలుగా అచ్చయ్యేవి. ఫారం మొదటి పేజీ అడుగున చాలాసార్లు చిన్న అంకె వేసేవారు. 16 పేజీల ఫారమైతే 1, 17, 33, 49 పేజీల కింద 1, 2, 3, 4 అని ఉంటుంది. 12 అన్న అంకె 177వ పేజీ కింద కనబడాలి. పేజీలన్నీ తిప్పనక్కర్లేదు, ఈ అంకెలు వరుసగా ఉన్నాయో లేదో చూసుకుంటూ పోతే మూడు నిమిషాల్లో పుస్తకం మొత్తం చూసినట్టే. అంకెలు వేయని పుస్తకమైతే 16 పేజీలకోసారి పేజీ నంబరు చూడండి.

దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట శబ్దరత్నాకరము ఒకటి అట్ట బాగుందని, చివరి పేజీ ఉందని చూసి కొనుక్కొచ్చాను. వారం తర్వాత పకారంలో ఒక మాట కోసం తీస్తే, పేజీలు పదహారు ముందుకు దూకాయి. కంగారుగా వెనక్కి తిప్పితే అంతకు ముందున్న ఫారం రెండుసార్లు కుట్టి ఉంది. పుస్తకం లావు సరిపోయింది, బరువు సరిపోయింది, 16 పేజీల మాటలు మాత్రం లేవు. ఎవరూ చింపలేదు, బైండింగ్‌లో జరిగిన పొరపాటు అది. ఒక ఫారం పోయిందంటే దాని పక్కన ఇంకోటి రెండుసార్లు ఉందేమో చూడండి. ఇది తరచుగా జరిగేదే.

తర్వాత మొదలు, చివర. ముఖపత్రం, పీఠిక, సంకేతాల పట్టిక, తప్పొప్పుల పట్టిక, అనుబంధం. సంకేతాల పట్టిక లేని నిఘంటువు తాళంచెవి లేని పెట్టె. స్కాన్‌లో ఆ పేజీ ఉందని తెలిస్తే తప్ప కొనకండి.

అచ్చు ఎలాంటిది? వెలుగుకు ఏటవాలుగా పట్టి, పేజీ వెనక వేలితో తడమండి. సీసపు అక్షరాల అచ్చైతే అక్షరం దిగిన గుర్తు వేలికి తగులుతుంది. నున్నగా ఉంటే ఆఫ్‌సెట్ పునర్ముద్రణ. అదేం తక్కువది కాదు, వాడకానికి అదే మేలు కూడా. కాకపోతే పాత పేజీని ఫోటో తీసి వేసినవాటిలో ఒత్తులు, అరసున్నలు సిరా నిండి మూసుకుపోతాయి. భూతద్దంతో ఒక పేజీలో "ద్ధ", "ధ్ధ", "ష్ట", "ష్ఠ" విడివిడిగా తెలుస్తున్నాయా చూడండి. తెలియకపోతే ఆ ప్రతి మీకు రోజూ తలనొప్పే.

చివరగా పరీక్ష మాటలు ఐదూ తీయండి. రెండింటికి సరైన అర్థం దొరికినా ఆ పుస్తకం మీ పనికి దగ్గరగా ఉన్నట్టే.

ముద్రల విషయం. గ్రంథాలయం ముద్ర ఉంటే, దాన్ని రద్దు చేసినట్టు, తొలగించినట్టు ఇంకో ముద్రగానీ సంతకంగానీ ఉందా అని చూడండి. లేకపోతే అడగండి. జవాబు తడబడితే వదిలేయండి. ఏ ఊరి పిల్లలకో చెందిన పుస్తకం మన ఇంట్లో వద్దు.

ముందటి యజమాని రాతలకు మాత్రం భయపడకండి. నా దగ్గరున్న ఒక నిఘంటువులో "గొర్రు" పక్కన మార్జిన్‌లో నీలి సిరాతో రెండే ముక్కలు: "పై గిన్నె జడ్డిగము. ఇందులో రాయలేదు." ఆయనెవరో పొలం తెలిసిన మనిషి. నిజంగానే ఆ పుస్తకంలో జడ్డిగం లేదు. ఆ ఒక్క వాక్యంతో ఆ ప్రతి నాకు కొత్త ప్రతి కంటే విలువైనదైంది.

## 5. ఏ ఏటి ప్రతో తేల్చుకోవడం

ముఖపత్రం చిరిగిపోతే అమ్మేవాళ్లు "నూరేళ్ల నాటిది" అనేస్తారు. మీరే తేల్చుకోవచ్చు.

సంవత్సరం పేరు ఉంటే: ప్రభవ నుంచి లెక్కపెట్టి ఎన్నోదో చూడండి. ఆ అంకెకు 1866 గానీ, 1926 గానీ, 1986 గానీ కలపండి. ధాత పదోది, కాబట్టి 1876, 1936, 1996. మూడింట్లో ఏదన్నది కాగితం, ధర చెబుతాయి. ఏడాది ఉగాదికి మొదలవుతుంది గనక జనవరి నుంచి ఉగాది లోపు అచ్చైతే ఒకటి ఎక్కువ.

శాలివాహన శకం ఉంటే: 78 కలపండి. 1807 అంటే 1885.

ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే: నిజాం రాజ్యంలో అచ్చైనవాటిలో కనిపిస్తుంది. సుమారుగా 590 కలపండి. ధర హాలీ రూపాయల్లో (నిజాం నాణెం) ఉన్నా ఆ ప్రాంతానిదే.

ధర చూడండి: "రూ. 3-8-0" అని అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అయ్యుండాలి. "న.పై." అంటే నయా పైసలు, 1957 నుంచి 1964 దాకా. ఆ తర్వాత ఉత్త పైసలే.

చిరునామా చూడండి: ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. ప్రచురణకర్త ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అయితే 1957కు ముందుది కాదు. తెలుగు విశ్వవిద్యాలయం అయితే 1985 తర్వాతది. ఐఎస్‌బీఎన్ 13 అంకెల్లో ఉంటే 2007 ప్రాంతం నుంచి వచ్చినది.

ఒక మాట గుర్తుంచుకోండి. ముద్రణ వేరు, కూర్పు వేరు. "తృతీయ ముద్రణ" అంటే అదే పుస్తకం మళ్లీ అచ్చేశారు. "ద్వితీయ కూర్పు" అంటే లోపల మార్చారు. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1903లో సవరించిన కూర్పుగా వచ్చింది. మీ చేతిలోది 1852 పాఠమా, 1903 పాఠమా అన్నది పీఠిక చదివితేగానీ తెలియదు. పీహెచ్‌డీ చేసేవారికి ఇది చాలా ముఖ్యం.

## 6. సెట్టు పూర్తేనా?

సంపుటాలుగా వచ్చినవాటికి మూడు రకాల జవాబులున్నాయి.

సూర్యరాయాంధ్రం అకారాది క్రమం. ఒక సంపుటం లేకపోతే ఆ అక్షరాలు లేనట్టే. అయినా కొనొచ్చు, ధర తగ్గితే. వేర్వేరు ముద్రణల సంపుటాలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఒకదాని చివరి మాట, తర్వాతి దాని మొదటి మాట పక్కపక్కన పెట్టి కలుస్తున్నాయో లేదో చూడండి.

తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వం విషయాలవారీగా వచ్చింది. చరిత్ర ఒకటి, విజ్ఞాన శాస్త్రాలు ఇంకోటి, ఇలా. మీకు పనికొచ్చే ఒక్క సంపుటం కొన్నా నష్టం లేదు.

కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలే కనిపిస్తే మిగతావి పోయాయనుకుని వదిలేయకండి. 1923లో ఆయన కన్నుమూసేనాటికి "అ" అక్షరం దగ్గరే ఉంది ఆ పని.

## 7. బేరం

తనిఖీ పూర్తయ్యాకే ధర అడగండి. ముందే అడిగితే ఆ ధర మన చూపును పాడుచేస్తుంది.

ఆ పుస్తకానికి కొత్త పునర్ముద్రణ దొరుకుతుంటే దాని వెల ముందే కనుక్కుని వెళ్లండి. పాత ప్రతికి అంతకు మించి పెట్టడానికి ప్రత్యేక కారణం ఉండాలి: మొదటి కూర్పు, మంచి కాగితం, ఎవరో పండితుడి రాతలు.

లోపం చూపించే బేరమాడండి, కానీ పుస్తకాన్ని తీసిపారేస్తూ మాట్లాడకండి. "ఎంతకిస్తవన్నా?" "ఆరొందలు." "పదహారు పేజీలు లేవన్నా, చూడు. నేను జిరాక్స్ తీసి కుట్టించుకోవాలె." "సరే, నాలుగొందలియ్యి." నా అనుభవంలో ఇంతకంటే పెద్ద బేరం ఎప్పుడూ అవసరం పడలేదు. ఎండలో పుస్తకాలు మోసుకొచ్చేవాళ్లు వాళ్లు. వాళ్లు ఆ మూట ఎత్తకపోతే ఆ పుస్తకం గుజ్జైపోయేది. చివరి యాభై రూపాయల దగ్గర పంతం పట్టకండి.

విదేశాల్లో ఉన్నవారికి: అచ్చు పుస్తకాలతో పాటు తాటాకు ప్రతులో, చేతిరాత ప్రతులో ఎవరైనా అంటగడితే జాగ్రత్త. 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి రావొచ్చు. వాటిని దేశం దాటించకూడదు. ఏదైనా ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి అప్పగించండి.

## 8. ఇంటికి తెచ్చాక మొదటి మూడు వారాలు

తెచ్చిన రోజే అలమరలో పెట్టకండి. మిగతా పుస్తకాలకు దూరంగా ఉంచండి.

1. బాల్కనీలో, నీడపట్టున, మాస్కు పెట్టుకుని దుమ్ము దులపండి. పుస్తకం మూసి పట్టుకుని, పై అంచు నుంచి బయటికి మెత్తటి బ్రష్షుతో తుడవండి. తడి గుడ్డ వద్దు.

2. లోపల దాచిన కాగితాలు, ఎండుటాకులు, గుండుసూదులు తీయండి. సూది తుప్పు పట్టి పేజీని తినేస్తుంది. నెమలీక ఉంటే దాన్ని కవరులో వేసి దాచుకోండి, అదో పిల్లవాడి ఆస్తి.

3. చెమ్మ అనిపిస్తే నిలువుగా నిలబెట్టి, పేజీలు కొద్దిగా విసనకర్రలా విప్పి, ఫ్యాను గాలికి రెండు రోజులు ఉంచండి. ఎండలో పెట్టకండి. మన ఎండకు అసలే పెళుసైన కాగితం ఇంకా పెళుసవుతుంది.

4. పురుగు అనుమానం ఉంటే, పుస్తకం పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు రెండు ప్లాస్టిక్ సంచుల్లో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీలకు దిగే ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. విప్పితే చల్లటి కాగితం మీద నీళ్లు పడతాయి. ఐస్ ముక్కలు మాత్రమే చేసే చిన్న అరకు ఆ చల్లదనం ఉండదు.

ఎండిన వేపాకు, వసకొమ్ము ముక్కలు గుడ్డలో కట్టి అలమరలో పెట్టడం మన పాత పద్ధతి, పెట్టుకోండి. పచ్చి వేపాకు మాత్రం వద్దు, చెమ్మ తెస్తుంది. నాఫ్తలీన్ ఉండలు పడుకునే గదిలో వద్దు.

## 9. మరమ్మతు, బైండింగ్

సెల్లోటేప్ వేయకండి. కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి అక్షరాల మీదికి దిగుతుంది, టేప్ మాత్రం ఊడిపోతుంది. చిరిగిన చోట పలచటి కాగితం పట్టీని మైదా గంజితో అతికించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. పురుగు రాకుండా గంజిలో మైలుతుత్తం కలిపే అలవాటు బైండర్లలో ఉంది. అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ పని పెట్టుకోకండి.

బైండరుకు ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి నోటితో చెబితే చాలదు, చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టండి:

• పక్క కుట్టు వద్దు, ఫారాలు విప్పి వెన్ను మీద కుట్టాలి. ఉర్దూ తెలిసిన బైండర్లకు జుజ్‌బందీ అంటే వెంటనే అర్థమవుతుంది
• అంచులు కట్టింగ్ చేయొద్దు. చేస్తే మార్జిన్ రాతలు, ఒక్కోసారి పై వరుస మాటలు కూడా ఎగిరిపోతాయి
• పాత అట్ట, ముఖపత్రం పారేయొద్దు
• రెక్సిన్ కాదు, గుడ్డ అట్ట కావాలి
• ఫారాల వరుస ఇదీ (రాసి ఇవ్వండి)

పోయిన పేజీలకు స్కాన్‌లో ఆ పేజీలు తీసి, అసలు పేజీ కొలతకే సరిపోయేలా ప్రింటు తీయండి. కొలత పట్టించుకోకుండా ప్రింటు తీస్తే అక్షరం చిన్నదై వేరే పుస్తకంలా కనిపిస్తుంది. కాగితానికి రెండు వైపులా పేజీల వరుస సరిచూసుకుని, బైండరుకు ఆ చోటు చూపించి కుట్టించండి. నా శబ్దరత్నాకరములో ఆ పదహారు పేజీలు ఇప్పుడు తెల్లగా, మిగతావి తేనె రంగులో ఉన్నాయి. వెతికిన మాట మాత్రం దొరుకుతోంది.

## 10. వాడకం మొదలుపెట్టేటప్పుడు

"మాట లేదండీ" అనేవారిలో చాలామందికి మాట ఉంటుంది, వెతికిన చోటు తప్పు.

• గుర్రం దొరకదు, గుఱ్ఱము చూడండి. చెరువుకు చెఱువు. బండి ఱ ఎక్కడొస్తుందో పెద్దల్ని అడిగైనా తెలుసుకోండి
• చివర "ం" ఉన్న మాటకు "ము" చేర్చండి: పుస్తకము, కష్టము
• వూరు, యెద్దు అని వెతకకండి. ఊరు, ఎద్దు
• అరసున్న ఉంటుంది: వాఁడు, ఏనుఁగు
• క్రియలు "ఉ"తో ముగుస్తాయి: చేయు, తెచ్చు, వచ్చు
• సున్న ఎక్కడ వస్తుందో, క్ష ఎక్కడ పెట్టారో ఒక్కో నిఘంటువుకు ఒక్కో తీరు. మొదటిరోజే "అం"తో ఒక మాట, "క్ష"తో ఒక మాట తీసి చూసి, లోపలి అట్ట మీద పెన్సిలుతో రాసుకోండి

సంకేతాలు కొన్ని నోటికి రావాలి: సం. అంటే సంస్కృతం, దే. దేశ్యం (అచ్చ తెలుగు మాట), వై. వైకృతం (రూపం మారి వచ్చిన మాట), వి. విశేష్యం (నామవాచకం), విణ. విశేషణం, చూ. చూడుము. వీటితో నడవడం మొదలుపెడితే పట్టిక అవసరం వారంలో తీరిపోతుంది.

## 11. తరచు జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

అదే పుస్తకం రెండోసారి కొనేయడం. కాగితం మీద జాబితా లేకపోతే తప్పదు. జరిగిపోయిందా, ఏ బడి గ్రంథాలయానికో ఇవ్వండి. ముందు రెండింటినీ పోల్చి, ఒకదాంట్లో లేని పేజీలు ఇంకోదాంట్లోంచి కాపీ తీసుకోండి.

పెళుసు కాగితం కొనేయడం. పేజీ తిప్పితే మూల విరిగేంత పెళుసైతే అది చదవడానికి పనికిరాదు. దాన్ని మొత్తం ఒకసారి ఫోనుతో ఫోటోలు తీసి, అట్టపెట్టెలో పడుకోబెట్టి దాచండి. వాడకానికి పునర్ముద్రణ కొనుక్కోండి.

నిలబెట్టి పేర్చడం. లావు నిఘంటువు నిలబెడితే బరువుకు లోపలి కట్ట అట్ట నుంచి ఊడి కిందికి జారుతుంది. పడుకోబెట్టండి. ఒకదానిపై మరొకటి మూడుకు మించి వద్దు.

అందనంత పైన పెట్టడం. స్టూలు ఎక్కి తీయాల్సిన నిఘంటువును నెలకోసారి కూడా తీయరు. కూర్చునే కుర్చీలోంచి చేయి చాపితే అందే ఎత్తులో, గోడకు తగలకుండా రెండు వేళ్ల సందు వదిలి పెట్టండి. వానాకాలంలో ఆ సందులో చేయి పెట్టి గోడ చెమర్చిందేమో వారానికోసారి తడిమి చూడండి.